వంశవృక్షంలో కనబడని కొమ్మలు

పెండ్లిపీటల మీద పురోహితుడు ప్రవర చెబుతాడు. గోత్రం, ఋషులు, ఆపైన ముత్తాత, తాత, తండ్రి... మూడు తరాల పేర్లు సభకు వినిపిస్తాడు. రొమ్ము క్యాన్సర్ వంశంలో ఉందా అని ఆరా తీసే వైద్యులకు కావలసినదీ మూడు తరాలే. కాకపోతే వారడిగేది ముఖ్యంగా స్త్రీల సంగతి. అమ్మమ్మ, నాయనమ్మ, పెద్దమ్మలు, పిన్నులు, మేనత్తలు - ఎవరికి ఏ జబ్బు, ఏ వయస్సులో? అక్కడ మనకు నోరు పెగలదు. తద్దినపు మంత్రాలలో ఆడవారి పేర్లూ ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. ఏ జబ్బుతో పోయారో లేదు.

మా అమ్మ 1974లో, 43వ ఏట పోయింది. మొదట ఎదలో గడ్డ అన్నారు, తరువాత రాచపుండు అన్నారు, ఆపైన ఎవరూ ఏమీ అనలేదు. మా పిన్ని కామెర్లతో పోయిందని విన్నాము. కామెర్లు చివర వచ్చినవనీ, మొదలు రొమ్ములోనేననీ ఆవిడ కోడలి ద్వారా ఈమధ్యనే తెలిసింది. 2016లో మా అక్కకు వచ్చింది. వైద్యం జరిగింది, క్షేమంగా ఉంది.

ముప్ఫై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. స్తనవర్ణనకు మన ప్రబంధకవులు బంగారు కుండలను, జక్కవ పిట్టలను, ఏనుగు కుంభస్థలాలను తెచ్చి పెట్టారు. ఆలంకారికులు మెచ్చుకున్నారు. (బడిపిల్లల దగ్గర ఆ పద్యాలు మేము దాటవేసేవాళ్ళం, అది వేరే సంగతి.) అదే చోట గడ్డ తగిలిన మా అమ్మకు ఆ మాట నాన్నగారితో అనడానికి నెలలు పట్టిందట. తప్పు భాషది అనను. రొమ్ము అన్నది అచ్చమైన తెలుగు మాట.

ఇది వంశంలో వస్తుందని వైద్యులకు కొత్తగా తెలిసిన విషయం కాదు. 1866లోనే పాల్ బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు తన భార్య పుట్టింటి ఆడవారిలో ఈ జబ్బు తరతరాలుగా రావడాన్ని గ్రంథస్థం చేశాడు. 1990లో మేరీ క్లెయిర్ కింగ్ దాని మూలాన్ని 17వ క్రోమోజోము మీద గుర్తించింది. 1994లో బీఆర్‌సీఏ1, 1995లో బీఆర్‌సీఏ2 జన్యువులు చిక్కాయి. దెబ్బతిన్న డీఎన్ఏను బాగుచేయడం వీటి పని. రొమ్ము క్యాన్సర్లలో వంశంగా వచ్చేవి నూటికి 5 నుండి 10 మాత్రమే, కాబట్టి ఇంట్లో ఒకరికి వచ్చిందని అందరూ గుండెలు బాదుకోనక్కరలేదు. అయితే ఈ జన్యువులలో లోపం ఉన్న స్త్రీలకు 80 ఏళ్ళలోపు జబ్బు వచ్చే అవకాశం నూటికి 70 దాకా ఉంటుంది. ఆ లోపం తల్లి నుండి గానీ తండ్రి నుండి గానీ బిడ్డకు రావచ్చు, సగానికి సగం అవకాశం.

తండ్రి నుండి అన్నది మా బంధువులు నమ్మరు. "నువ్వు మగవాడివి, నీ కూతురికేం సంబంధం?" అంటారు. పరీక్ష ముందుగా జబ్బు పడ్డవారికి చేస్తే ఫలితం స్పష్టంగా ఉంటుందన్నారు గనుక మొదట అక్క రక్తమిచ్చింది. రెండవ జన్యువులో లోపం తేలింది. తరువాత నేనిచ్చాను. నాలోనూ ఉంది.

మా చెల్లెలికి పెళ్ళి కావలసిన కూతురుంది. "అన్నయ్యా, దాని మెడలో మూడు ముళ్ళూ పడేదాకా ఈ ఊసెత్తకు" అంది. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. ఇంతకన్న చిన్న కారణాలకు సంబంధాలు తప్పిపోవడం నేనెరుగుదును. అయినా ఆమెతో ఏకీభవించలేను. ఈ లోపం ఉన్నవారికి 25వ ఏటి నుండే ఏటేటా ఎమ్మారై పరీక్షలు చేయడం వైద్యుల పద్ధతి. మా మేనకోడలికి 27. వియ్యాలవారికి చెప్పాలా, ఎప్పుడు చెప్పాలి అన్నది ఆ పిల్ల తేల్చుకోవలసిన విషయం. ఆ పిల్లకే తెలియనివ్వకపోవడం ఏ ధర్మశాస్త్రం ప్రకారమూ న్యాయం కాదు. నేను చెప్పాను. చెల్లెలు రెండు నెలలుగా నాతో మాట్లాడడం లేదు. మేనకోడలు మాట్లాడుతోంది, ఇది రాయమన్నదీ తనే.

చెప్పడం వేరు, బలవంతపెట్టడం వేరు. 2013లో ఏంజెలీనా జోలీ ముందుగానే రొమ్ములు తీయించుకున్న సంగతి విన్నవారు అదొక్కటే దారి అనుకుంటున్నారు. వరుసగా పరీక్షలు చేయించుకుంటూ కనిపెట్టి ఉండడమూ ఒక దారే. మా అమ్మాయి ఇంకా పరీక్షకే సిద్ధపడలేదు. "కొన్నాళ్ళు ఆగు నాన్నా" అంది. ఆగుతున్నాను. తెలిసి ఆగడానికీ తెలియక ఉండిపోవడానికీ మధ్య దూరం ఎంతో ఉంది.

ఇప్పుడు మా వంశవృక్షం నేనే గీస్తున్నాను. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, జబ్బు పడ్డవారికి లోపల నలుపు - ఇది వైద్యుల సంప్రదాయం. మూడు వృత్తాలు నల్లబడ్డాయి. అమ్మమ్మదీ, ఆవిడ అక్కగారిదీ ఏమీ రాయకుండా వదిలేశాను. వారి గురించి చెప్పగలిగినది ఎనభై దాటిన మా పెద్ద అత్తయ్యగారొక్కరే. వచ్చే నెల ఆవిడ దగ్గరకు వెళుతున్నాను.