మునగాకు ప్యాకెట్లు మనవే, రక్తం తక్కువ మన ఇంట్లోనే

పోయిన వీడియోలో మునగాకు పొడి ఎలా తయారు చేస్తామో చూపించాను కదా. అందులో నీడన కూర్చుని ఆకు దూస్తున్న ఆవిడ మా అమ్మ. ఆ వీడియో తీసిన నెలలోనే రక్తపరీక్ష చేయిస్తే అమ్మకి హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది. ఆడవాళ్లకి 12 ఉండాలి. ప్యాకెట్ మీద "రక్తం పట్టడానికి మంచిది" అని రాయించింది నేనే.

"ఏం తింటారమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే నేనే ముందు నోరు తెరిచాను. "మాది మందుల్లేని తిండి మేడమ్, అంతా ప్రకృతి వ్యవసాయం" అన్నాను. ఆవిడ నన్ను ఆపి అమ్మనే అడిగింది. పొద్దున టీ. పదకొండుకి చద్దన్నం, పచ్చడి. రాత్రి అన్నం, చారు. పప్పు అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలితే. గుడ్డు పిల్లలకి. తోటకూర మంచి కట్టలన్నీ సంతకి.

మందుల్లేని తిండి వేరు, సమతుల ఆహారం వేరు. రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నాం, నాతో సహా. ఘనజీవామృతం వేసి పండించినా కంచం నిండా అన్నమే ఉంటే అది ఉత్త అన్నమే. కొర్రలైనా అంతే. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నారని అందరం బియ్యం తీసి కొర్రలు పెట్టాం, పక్కన కూర మాత్రం అదే రెండు స్పూన్లు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి ధాన్యాలు, చిరుధాన్యాలు కలిపి 250 గ్రాములు, పప్పులు 85, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. ప్యాకింగ్ కాటా ఇంట్లోనే ఉంది కదా అని ఒకరోజు అమ్మ వంతు తూచాను. బియ్యం 420 గ్రాములు. కందిపప్పు 15 కూడా లేదు.

85 గ్రాముల లెక్కన నలుగురు పెద్దవాళ్లకే ఏడాదికి 124 కేజీల పప్పులు కావాలి. మేం ఇంటికి ఉంచుకునేది 30. గట్ల మీద కంది, బొబ్బర్లు వేసేది ఎవరి కోసమో నాకు అప్పుడు అనుమానం వచ్చింది. ఈ ఏడు కందులు, పెసలు, ఉలవలు ముందు ఇంటికి తీశాకే మిగతాది అమ్మకానికి పెట్టాను. ఆర్డర్లు కొన్ని పోయాయి, పోనీ.

ఇంకో మాట. మునగాకు ఉండగా ఐరన్ మాత్రలెందుకని కొందరు అడుగుతున్నారు. డాక్టర్ రాసిన మాత్రలు మానొద్దు, మా అమ్మ వేసుకుంటోంది. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుతున్నాం, అన్నం తిన్న వెంటనే టీ తాగడం మాన్పించాం. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

రెండు నెలలకి 9.6కి వచ్చింది. అందరం ఒకేసారి కూర్చుని తినడమే ఇంకా కుదరట్లేదు. "మీరు కానీయండిరా, నేను తర్వాత తింటాలే" అంటూనే ఉంది.