పైచదువుల ఖర్చు: ముందు స్థానికత, తరువాత ఫీజు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మన తరం తల్లిదండ్రులు ఈ రెండింటికి మూడవదాన్ని కూడా చేర్చుకోవలసి వచ్చింది: పిల్లలకు పైచదువు చెప్పించి చూడు. ఇంటికైనా పెళ్ళికైనా ఏళ్ళ ముందే లెక్క వేసుకునే మనం, చదువు విషయంలో మాత్రం పన్నెండవ తరగతి ఫలితాలు వెలువడిన తరువాతనే కాగితం, కలం అందుకుంటున్నాము. అప్పటికి కొన్ని దారులు మూసుకుపోయి ఉంటాయి. ఆ దారులను గురించి, ముఖ్యంగా దీవులలో స్థిరపడిన తెలుగు కుటుంబాల దృష్టితో, ఈ మాసం శీర్షికలో ముచ్చటించుకుందాం.

దక్షిణ అండమాన్‌లో ఫెరార్‌గంజ్ తహసీలుకు చెందిన తుష్నాబాద్ గ్రామాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. వీరిలో పెక్కు కుటుంబాల మూలాలు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో ఉన్నాయి. తుష్నాబాద్‌లో నివసించే ఒక ఉద్యోగి కుమార్తె పదవ తరగతి పూర్తిచేసిందని అనుకుందాం. ఇంట్లో సహజంగా వచ్చే మాట ఒకటే: "ఇంటర్మీడియట్‌కు విశాఖపట్నం పంపుదాం, కోచింగ్ బాగుంటుంది, పెద్దమ్మగారి ఇల్లు ఉంది." ఈ నిర్ణయం కోచింగుకు సంబంధించినదిగానే కనిపిస్తుంది. కాని నాలుగేళ్ళ కళాశాల ఫీజును, ప్రభుత్వ సహాయాన్ని కూడా ఇదే చాలావరకు నిర్ణయిస్తుంది.

ఎవరు స్థానికులు?

ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ వంటి కోర్సుల ప్రవేశాలకు ఆధారం 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. దాని ప్రకారం 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులవి. మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లు. స్థానికుడు కావాలంటే అర్హత పరీక్ష వ్రాసే సంవత్సరంతో కలిపి వరుసగా నాలుగు విద్యాసంవత్సరాలు ఆ స్థానిక ప్రాంతంలో చదివి ఉండాలి. అంటే తొమ్మిదవ తరగతి నుంచి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం వరకు అక్కడే చదవాలి. మన ఉదాహరణలోని అమ్మాయి చదివేది రెండేళ్ళు మాత్రమే. మాతృభాష తెలుగు అయినా, తాతగారి పొలం శ్రీకాకుళం జిల్లాలో ఉన్నా, ఆమె స్థానికురాలు కాదు.

ఇక 15 శాతం సీట్లకు పోటీపడాలన్నా కొన్ని నిబంధనలు ఉన్నాయి. తల్లి గాని తండ్రి గాని, రాష్ట్రం వెలుపల ఉద్యోగం చేసిన కాలాన్ని మినహాయించి, మొత్తం మీద పదేళ్ళు రాష్ట్రంలో నివసించి ఉంటే వారి పిల్లలు అర్హులు. రాష్ట్రంలో ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థలలో, స్థానిక సంస్థలలో, విశ్వవిద్యాలయాలలో పనిచేస్తున్నవారి పిల్లలు కూడా అర్హులే. కనుక విశాఖపట్నంలో పుట్టి పెరిగి, ఉద్యోగరీత్యా దీవులకు వచ్చిన తండ్రి తన పాత పాఠశాల ధ్రువపత్రాలతో పదేళ్ళ నివాసాన్ని నిరూపించగలిగితే కుమార్తెకు ఈ అవకాశం దక్కుతుంది. పదవీ విరమణకు ముందు రాష్ట్రానికి బదిలీ అయిన ఉద్యోగి పిల్లలకూ దక్కుతుంది. కాని తండ్రి కూడా దీవులలోనే పుట్టి పెరిగినవాడైతే, తల్లి వైపు నుంచి ఏ ఆధారమూ లేకపోతే, ఈ దారి కూడా లేనట్లే.

తెలంగాణను వేరుగా చూడాలి. రాష్ట్ర విభజన తరువాత పదేళ్ళపాటు సాగిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. హైదరాబాదు కళాశాలలకు ఆంధ్రప్రదేశ్ నిబంధనలు వర్తిస్తాయని అనుకోరాదు.

మరొక వైపు చూద్దాం. దీవుల విద్యార్థులకు ప్రధాన భూభాగంలోని వైద్య, సాంకేతిక విద్యాసంస్థలలో కొన్ని సీట్లు కేటాయించే పద్ధతి ఎంతోకాలంగా ఉన్నది. సొంతంగా ఎన్.ఐ.టి. లేని కేంద్రపాలిత ప్రాంతాలకు జె.ఇ.ఇ. ర్యాంకు ఆధారంగా ప్రత్యేక కేటాయింపు కూడా ఉన్నది. అండమాన్ నికోబార్ అందులో ఒకటి. ఇటువంటి సీట్లకు దీవులలో చదివిన సంవత్సరాలే ఆయువుపట్టు. పదకొండు, పన్నెండు తరగతులకు పిల్లను ఒడ్డు దాటించే ముందు ఆ ఏటి నిబంధనలను దీవుల విద్యాశాఖలో విచారించడం అత్యవసరం. లేనిపక్షంలో ఆ రెండేళ్ళ చదువు వల్ల అమ్మాయి ఇక్కడి అర్హత పోగొట్టుకొని, అక్కడి అర్హత పొందక, రెంటికీ చెడిన స్థితిలో పడవచ్చు. అప్పుడు మిగిలేది యాజమాన్య కోటా. అంటే ఎక్కువ ఫీజు, తక్కువ సహాయం.

ఒకే తరగతి, వేరు వేరు ఫీజులు

ఒకే తరగతి గదిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు విద్యార్థులు వేరు వేరు ఫీజులు ఎందుకు చెల్లిస్తున్నారని పాఠకులు అడగవచ్చు. దీనికి తెలుగునాటితో ముడిపడిన చరిత్ర ఉన్నది. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 1993లో సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల సీట్లను సగం ఉచిత సీట్లు, సగం చెల్లింపు సీట్లుగా విభజించింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసు తీర్పు ఆ పథకాన్ని తొలగించింది. యాజమాన్యాలకు ఫీజు నిర్ణయించుకునే స్వేచ్ఛ ఇస్తూనే లాభాపేక్ష, క్యాపిటేషన్ కూడదన్నది. అటుపిమ్మట రాష్ట్రాలలో ఫీజుల పర్యవేక్షణ సంఘాలు ఏర్పడ్డాయి. కన్వీనరు కోటా, యాజమాన్య కోటా అనే విభజన స్థిరపడింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో విస్తరించి, ఆ తరువాత వివిధ పేర్లతో కొనసాగిన ఫీజు రీయింబర్స్‌మెంట్ రాష్ట్ర నివాసులైన అర్హ విద్యార్థులకు ఉద్దేశించినది. దీవుల విద్యార్థి విశాఖపట్నంలో సీటు సంపాదించినా ఆ సహాయాన్ని లెక్కలో వేసుకోరాదు. బంధువుల పిల్లలకు వచ్చింది కనుక మనకూ వస్తుందనే భావన వల్ల రెండవ సంవత్సరానికే చిక్కుల్లో పడే కుటుంబాలు ఉంటాయి.

కులధ్రువీకరణ విషయంలో జాగ్రత్త

అండమాన్ నికోబార్ దీవులకు షెడ్యూల్డ్ కులాల జాబితా లేదు. దీవుల పరిపాలన గుర్తించిన వెనుకబడిన వర్గాలు భాంతూలు, కరెన్‌లు, మోప్లాలు, బెంగాలీ సెటిలర్లు, 1942కు పూర్వం నుంచి ఉన్న లోకల్ బార్న్ వారు. తరువాతి కాలంలో వచ్చిన తెలుగు కుటుంబం ఆంధ్రప్రదేశ్‌లో ఏ వర్గానికి చెందినదైనా, దీవులలో స్థానికంగా ఆ ప్రయోజనం పొందడం లేదు. అయితే షెడ్యూల్డ్ కులాలవారి విషయంలో, వలస వెళ్ళిన తండ్రి లేదా తల్లి మూలరాష్ట్రంలో పొందిన పత్రం ఆధారంగా పిల్లలకు ధ్రువపత్రం ఇచ్చే వీలు కేంద్రప్రభుత్వ నమూనాలో ఉన్నది. ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి.లలో షెడ్యూల్డ్ కులాల, తెగల విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మినహాయింపు కనుక ఈ కాగితం విలువ లక్షలలో ఉంటుంది. తండ్రి పత్రం ఊళ్ళో పాత పెట్టెలో ఉంటే, ఈసారి సెలవులో వెళ్ళినప్పుడే వెతికి తెచ్చుకోవాలి.

ఇంటి దగ్గరి కళాశాలలు

తుష్నాబాద్ కుటుంబానికి ఒడ్డు దాటడమొక్కటే మార్గం కాదు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మార్చుకున్న పోర్ట్ బ్లెయిర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం 1967 నుంచి ఉన్నది. 1985లో ఏర్పడిన పుదుచ్చేరి విశ్వవిద్యాలయం తన పరిధిలో దీవులను కూడా చేర్చుకొని, పోర్ట్ బ్లెయిర్‌లో సముద్ర జీవశాస్త్రం వంటి విషయాలలో స్నాతకోత్తర విద్యకు కేంద్రం నెలకొల్పింది. ఇంజినీరింగుకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఉన్నది. 2015లో వైద్య కళాశాల ప్రారంభమైంది. ఉత్తరాన మాయాబందరులో మహాత్మాగాంధీ ప్రభుత్వ కళాశాల ఉన్నది.

ప్రధాన భూభాగపు కళాశాల ఫీజుతో వీటి ఫీజును పోల్చేటప్పుడు ట్యూషన్ ఒక్కటే చూడరాదు. హాస్టలు, భోజనం, పుస్తకాలు, ఏటా రెండు రాకపోకల ఖర్చు కూడా కలపాలి. దీవుల గుర్తింపు ఉన్నవారికి ఓడ ఛార్జీలో రాయితీ ఉన్నా, విశాఖపట్నం ఓడలు చెన్నై, కోల్‌కతా ఓడలకన్నా అరుదు. పరీక్షల తేదీకి ఓడ కుదరకపోతే విమానమే గతి. నాలుగేళ్ళకు ఈ ఖర్చు ఒక ఏడాది ఫీజుకు తక్కువ కాకపోవచ్చు.

సహాయ పథకాలు

ఏ రాష్ట్రంలో చదివినా వర్తించే కేంద్ర పథకాలు దీవుల కుటుంబాలకు నిజమైన అండ.

మొదటిది, కళాశాల విద్యార్థులకు కేంద్రప్రభుత్వ ప్రతిభా స్కాలర్‌షిప్. పన్నెండవ తరగతిలో తమ బోర్డులో, తమ విభాగంలో 80వ పర్సెంటైల్‌కు పైన ఉండి, కుటుంబ వార్షికాదాయం నాలుగున్నర లక్షలు మించనివారు దీనికి అర్హులు. డిగ్రీలో ఏటా 12,000 రూపాయలు, స్నాతకోత్తర విద్యలో 20,000 రూపాయలు లభిస్తాయి. సగం స్కాలర్‌షిప్‌లు బాలికలవి. పునరుద్ధరణకు ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ ద్వారా చేయాలి. మొదటి ఏడాది పొందినవారు రెండవ ఏడాది పునరుద్ధరణ దరఖాస్తు పెట్టడం మరవరాదు.

రెండవది, ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి.లలో 2016 నుంచి అమలులో ఉన్న ట్యూషన్ ఫీజు మినహాయింపు. కుటుంబాదాయం లక్ష రూపాయల లోపు ఉంటే పూర్తిగా, లక్ష నుంచి ఐదు లక్షల వరకు ఉంటే మూడింట రెండు వంతులు మినహాయిస్తారు.

మూడవది, 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి. ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థలలో ప్రతిభ ఆధారంగా సీటు పొందినవారికి తాకట్టు గాని, జామీను గాని లేకుండా రుణం ఇస్తారు. తొలి జాబితాలో 860 సంస్థలు ఉన్నాయి. ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉండి, ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్ గాని వడ్డీ రాయితీ గాని పొందనివారికి, పది లక్షల వరకు రుణంపై మారటోరియం కాలంలో మూడు శాతం వడ్డీ రాయితీ ఉన్నది. యాజమాన్య కోటాకు ఇది వర్తించదు. వృత్తివిద్యా కోర్సులలో చేరిన నాలుగున్నర లక్షల లోపు ఆదాయం గల కుటుంబాలకు మారటోరియం వడ్డీని పూర్తిగా భరించే పథకం 2009 నుంచి ఉన్నది.

మన శాశ్వత ఉద్యోగులలో అనేకుల ఆదాయం ఈ పరిమితులను దాటుతుంది. కాని మన ప్రాంగణంలోనే పనిచేసే కాంట్రాక్టు కార్మికులు, డ్రైవర్లు, క్యాంటీన్ సిబ్బంది పిల్లలు వీటికి అర్హులు కావచ్చు. వారికి ఈ సంగతి చేరవేయడం సహోద్యోగులుగా మన బాధ్యత.

బ్యాంకు రుణం: ఒక చిన్న లెక్క

ఆదాయ పరిమితి దాటినవారికి మిగిలేది సాధారణ విద్యారుణం. నాలుగు లక్షల వరకు తాకట్టు అవసరం లేదు. 2015లో ఏర్పడిన రుణ హామీ నిధి మూలంగా ఏడున్నర లక్షల వరకు కూడా తాకట్టు లేకుండా ఇవ్వవచ్చు. చదువు పూర్తయిన తరువాత ఒక ఏడాది వరకు వాయిదాలు కట్టనవసరం లేదు. వాయిదాలు లేవన్నంత మాత్రాన వడ్డీ లేదని భావించరాదు.

ఏటా లక్ష చొప్పున నాలుగేళ్ళు, 10 శాతం వడ్డీకి నాలుగు లక్షలు తీసుకున్నామనుకుందాం. ఐదేళ్ళ మారటోరియం ముగిసేసరికి సాధారణ వడ్డీయే 1,40,000 రూపాయలు అవుతుంది. అది అసలుకు కలిస్తే బాకీ 5,40,000. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 7,136 రూపాయలు కట్టాలి. అదే వడ్డీని తల్లిదండ్రులు ఎప్పటికప్పుడు కడుతూ వస్తే, మొదటి ఏడాది నెలకు 833 రూపాయలతో మొదలై, నాలుగవ, ఐదవ ఏళ్ళలో 3,333 రూపాయలవుతుంది. ఉద్యోగంలో చేరిన బిడ్డ కట్టవలసిన వాయిదా అప్పుడు సుమారు 5,286 మాత్రమే. పదేళ్ళలో బిడ్డకు తగ్గే భారం దాదాపు 2,22,000 రూపాయలు. అందుకు మనం కట్టినది 1,40,000. చదువుకాలంలోనే వడ్డీ కట్టేవారికి కొన్ని బ్యాంకులు వడ్డీరేటులో ఒక శాతం తగ్గింపు కూడా ఇస్తాయి. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను లెక్కించుకునేవారికి విద్యారుణ వడ్డీపై ఎనిమిదేళ్ళ వరకు మినహాయింపు ఉన్నది. కొత్త పద్ధతిలో లేదు. భవిష్యనిధి నుంచి పిల్లల ఉన్నత విద్యకు సొమ్ము తీసుకునే వీలున్నా, అది వృద్ధాప్యపు ఆసరా కనుక ఆఖరున తలచవలసినది.

పదవ తరగతి నాటికే చేయవలసినవి

బిడ్డ తొమ్మిదవ తరగతిలో ఉండగానే ఈ పనులు పూర్తిచేసుకోవాలని మనవి. ఆరవ తరగతి నుంచి ప్రతి సంవత్సరపు స్టడీ సర్టిఫికెట్టు ఒకచోట చేర్చాలి. తల్లిదండ్రుల పాఠశాల, నివాస ధ్రువపత్రాలు మూలరాష్ట్రం నుంచి తెప్పించుకోవాలి. దీవుల నివాస గుర్తింపు, ఆదాయ ధ్రువపత్రం తహసీలు కార్యాలయంలో పొందాలి. ఆధార్, బ్యాంకు ఖాతా, పాఠశాల రికార్డులలో బిడ్డ పేరు ఒకే విధంగా ఉన్నదో లేదో సరిచూడాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉన్నందువల్ల స్కాలర్‌షిప్ సొమ్ము ఆగిపోయే ప్రమాదం తెలుగువారికి మరీ ఎక్కువ. ప్రవేశ నిబంధనలు ఏటేటా మారుతుంటాయి కనుక ఆ సంవత్సరపు ప్రకటనను స్వయంగా చదవాలి.

పిల్లను విశాఖపట్నం పంపడమా, తుష్నాబాద్‌లోనే ఉంచి చదివించడమా అన్నది ప్రతి కుటుంబం తనకు తానే నిర్ణయించుకోవలసిన విషయం. కాని బంధువుల ఇంటికి ఉత్తరం వ్రాసే ముందు, ఓడ టిక్కెట్టు కొనే ముందు, ఇక్కడ ఎన్నేళ్ళు, అక్కడ ఎన్నేళ్ళు అనే రెండు అంకెలను కాగితం మీద వేసుకొని, బిడ్డను కూడా పక్కన కూర్చోబెట్టుకొని ఆలోచించండి.