కరెంటు పెట్టించుకున్న మూడు నెలలకు దగ్గు ఎందుకు?

మా శేరిగూడ, ఇబ్రహీంపట్నం వైపు రేడియేషన్ థెరపీ అని ఎవరూ అనరు. ‘కరెంటు పెట్టిండ్రు’ అంటారు. ఆ మాట వింటేనే సగం మందికి భయం. నిజానికి ఒంట్లోకి కరెంటేమీ పోదు. యంత్రం నుంచి శక్తిమంతమైన ఎక్స్-కిరణాలు వస్తాయి. బల్ల మీద కదలకుండా పడుకోవాలి, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి తెలియదు. మన హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచీ ఉంది. అక్కడికి రోజూ జిల్లాల నుంచి వచ్చేవాళ్లలో ఎంతోమందికి ఈ వైద్యం మామూలే.

చిక్కు ఎక్కడంటే, రొమ్ము, ఊపిరితిత్తులు, అన్నవాహిక... ఈ క్యాన్సర్లకు కిరణాలు పెట్టేటప్పుడు ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి కూడా కొంత దారిలో పడుతుంది. దానికి తగిలిన దెబ్బ ఆ రోజు కనిపించదు. నెల నుంచి మూడు నెలల తర్వాత, ఒక్కోసారి ఆరు నెలలకు, పొడి దగ్గు, ఆయాసం, సన్నటి జ్వరం మొదలవుతాయి. దీన్ని రేడియేషన్ న్యుమోనైటిస్ అంటారు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈ బాధ బాగా అర్థమవుతుంది. కోడ్ మార్చింది జనవరిలో, సైట్ పడిపోయింది ఏప్రిల్‌లో. రెండింటికీ సంబంధం ఉందని ఎవరికి తడుతుంది?

ఇంత ఆలస్యం ఎందుకంటే, ఇక్కడ కథ కిరణాలతో అయిపోదు. ఆ తర్వాత మన సొంత రక్షణ కణాలు నడిపిస్తాయి.

ఊపిరితిత్తుల్లో కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలి గదులుంటాయి. వాటిలో మాక్రోఫేజ్‌లు అనే కణాలు కాపురం ఉంటాయి. దుమ్ము, క్రిములు, చచ్చిన కణాలు, ఏది దొరికినా మింగేస్తాయి. ఇలా మింగే కణాలను 1882లో ఎలీ మెచ్నికోవ్ అనే జంతుశాస్త్రవేత్త నక్షత్రచేప పిల్లల్లో చూశాడు. 1908లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. సాగర్ రోడ్డు దుమ్ము మనం రోజూ పీల్చినా బతికి ఉన్నామంటే వీటి చలవే.

కిరణాలు తగిలినప్పుడు గాలి గదుల గోడల్లోని కణాల డీఎన్ఏ తెగుతుంది. దెబ్బతిన్న కణాలు ‘ఇక్కడ ప్రమాదం’ అని రసాయన సంకేతాలు వదులుతాయి. మాక్రోఫేజ్‌లు వాటిని అందుకుని సైటోకైన్లు అనే ఇంకొన్ని సంకేతాలు పంపుతాయి. రక్తంలోంచి న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు వచ్చి చేరతాయి. అక్కడ చంపడానికి క్రిమి ఏదీ లేదు. అయినా సైన్యం దిగింది కాబట్టి వాపు వస్తుంది, గదుల్లోకి నీరు చేరుతుంది, ఊపిరి బరువవుతుంది.

ఎక్కువ మందిలో ఇది దానంతటదే చల్లారుతుంది. కొందరిలో మాత్రం మాక్రోఫేజ్‌లు పోట్లాట మానేసి మరమ్మతు పనిలోకి దిగి, ఇక ఆపవు. టీజీఎఫ్-బీటా అనే సంకేతం పంపుతూనే ఉంటాయి. అది అందుకున్న ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కొల్లాజెన్ పోస్తూనే ఉంటాయి. గోడకు చిన్న పగులొస్తే గదంతా సిమెంటు నింపినట్టన్నమాట. మెత్తటి స్పాంజీలా ఉండాల్సిన చోటు గట్టి మచ్చగా మారుతుంది. దీనిపేరు ఫైబ్రోసిస్. మామూలుగా ఆరు నెలలు దాటాక బయటపడుతుంది, వెనక్కి తిరిగి రాదు.

రక్షణ కణాల పాత్రకు ఒక మంచి సాక్ష్యం ఉంది. రొమ్ము క్యాన్సర్‌కు ఒకవైపే కిరణాలు పెట్టిన మహిళల ఊపిరితిత్తులను కడిగి ఆ నీటిని పరీక్షిస్తే, కిరణాలు తగలని రెండో వైపు కూడా లింఫోసైట్లు పెరిగి కనిపించాయి. దెబ్బ ఒక పక్క, అలర్టు రెండు పక్కలా!

ఇదంతా నేను చదవడానికి కారణం మా మేనత్త. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత కరెంటు పెట్టించుకుంది. మూడు నెలలకు దగ్గు పట్టుకుంది. దుమ్మని కొందరు, టీబీ అని కొందరు. ఒక డాక్టరు రెండుసార్లు యాంటీబయాటిక్స్ రాశారు, తగ్గలేదు. చివరికి క్యాన్సర్ డాక్టరు సీటీ స్కాన్ చూసి నీడ అంచు చూపించారు. గీత గీసినట్టు తిన్నగా ఉంది. న్యుమోనియా ఊపిరితిత్తి భాగాల హద్దుల్ని బట్టి పాకుతుంది. ఈ నీడ మాత్రం కిరణాలు పడ్డ మేరకే ఉంది. స్టెరాయిడ్ మొదలుపెట్టారు, కొద్ది రోజుల్లోనే దగ్గు నెమ్మదించింది.

ఆమె నన్ను అడిగింది: “కరెంటు పెట్టియ్యకపోతే గిది రాకపోయేది గదరా?”

రాకపోయేది. కానీ సగమే లెక్క చూస్తే తప్పు దారి పడతాం. రొమ్మును కాపాడుతూ చేసే ఆపరేషన్ అయిన పదివేల మందికి పైగా మహిళల వివరాలను కలిపి 2011లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. పదేళ్లలో క్యాన్సర్ తిరగబెట్టింది రేడియేషన్ తీసుకోనివాళ్లలో 35 శాతం మందికి, తీసుకున్నవాళ్లలో 19 శాతం మందికి. రొమ్ము క్యాన్సర్ రేడియేషన్‌లో న్యుమోనైటిస్ వచ్చేది కొద్దిమందికే, అదీ ఎక్కువగా మందులకు తగ్గేదే. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పెద్ద డోసు ఇస్తారు కాబట్టి అక్కడ ముప్పు ఎక్కువ. అందుకే ఊపిరితిత్తుల్లో ఎంత శాతానికి 20 గ్రేల కన్నా ఎక్కువ డోసు పడుతుందో ముందే కంప్యూటర్‌లో లెక్కగట్టి ప్లాన్ వేస్తారు. మా అత్తకు ఈ లెక్క చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత “మరి ముందుగాల్నే చెప్పొచ్చు గద” అంది. అదీ న్యాయమైన మాటే.

ఇప్పుడు ఇంకో మెలిక. రక్షణ కణాల బ్రేకులు తీసి క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందులు వచ్చాయి. ఆ బ్రేకుల్ని తీసి క్యాన్సర్‌కు వైద్యం చేయొచ్చని కనిపెట్టినందుకు జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ ఇచ్చారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో రేడియేషన్, కీమో అయ్యాక ఇలాంటి మందు ఇస్తే ఎక్కువ కాలం బతుకుతున్నారు. కానీ బ్రేకు తీసిన సైన్యం ఊపిరితిత్తి మీద కూడా పడొచ్చు. ఈ మందులకు కూడా న్యుమోనైటిస్ వస్తుంది. ఏది వదలాలి, ఏది ఆపాలి అన్నదే ఇప్పుడు పరిశోధకుల ముందున్న పెద్ద ప్రశ్న.

మన చేతిలో ఉన్నవి చిన్న పనులు. ఇంట్లో ఎవరైనా ఛాతీకి రేడియేషన్ తీసుకుని ఉంటే, ఆ తర్వాతి ఏడాదిలో దగ్గు, ఆయాసం వస్తే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మొదటి మాటే అది చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు. స్టెరాయిడ్ రాస్తే తగ్గింది కదా అని మధ్యలో ఆపొద్దు, వారాల తరబడి మెల్లగా తగ్గించాలి, లేదంటే జబ్బు తిరగబెట్టొచ్చు. మెడికల్ షాపులో సొంతంగా కొని వేసుకోవడమూ వద్దు. నిజంగానే టీబీ అయితే అది ముదురుతుంది.

డిశ్చార్జి కాగితం మీద ఏ వైపు, ఎంత డోసు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నీ ఉంటాయి. అది సాధారణంగా బీరువాలో చీరల కింద ఉంటుంది. ఇవాళే ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పిన్ చేయండి. గుడ్ మార్నింగ్ పువ్వుల కింద పడిపోకుండా.