దండెం కాదండీ... యాంటెన్నా!

మా వీధి చివరి ఇంటి మేడమీద నాలుగు మూలలా నాలుగు వెదురు గడలుంటాయి. వాటిని కలుపుతూ చుట్టూ ఒకే రాగి తీగ. కింది వాటాలోకి కొత్తగా అద్దెకొచ్చినావిడ ఓ రోజు పొద్దున్నే బకెట్టుతో మేడెక్కింది. తీగ కాస్త జారినచోటు చూసుకుని తడిచీర విసిరింది. గడ పక్కకి ఒరిగింది. మెట్లమీంచి మాస్టారి కేక... ‘‘అమ్మాయ్! అది దండెం కాదమ్మా, యాంటెన్నా!’’

మాస్టారు కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న హామ్. అంటే సొంత రేడియో సెట్టుతో ఇంట్లో కూర్చునే ఊళ్లతోనూ దేశాలతోనూ మాట్లాడుతుంటారన్నమాట. చీర సంగతి విని నేను పరామర్శకెళితే కాఫీతోపాటు గంటన్నర పాఠం కూడా ఇచ్చారు. నా బుర్రకెక్కినంత మీకూ చెబుతాను.

దూరదర్శన్ రోజుల్లో డాబామీద అల్యూమినియం యాంటెన్నా ఉండేది, గుర్తుందా? కాకి వాలి దాని మొహం తిప్పేస్తే ఒకరు పైనా ఒకరు కిందా నిలబడి ‘‘వచ్చిందా?’’ ‘‘ఇంకొంచెం!’’ అని అరుచుకునేవాళ్లం. దాని కడ్డీలన్నీ నేలకు సమాంతరంగా పడుకుని ఉండేవి. అదే పోలీసు జీపుమీది వైర్‌లెస్ కడ్డీ నిటారుగా ఉంటుంది. ఇదేదో ఎవరికి తోచినట్టు వాళ్లు బిగించుకున్నది కాదు. రేడియో తరంగంలో విద్యుత్ క్షేత్రం ఊగుతూ ఉంటుంది. తీగ అడ్డంగా ఉంటే ఆ ఊపు అడ్డం, నిలువుగా ఉంటే నిలువు. ఊగే ఈ దిశనే ధ్రువణం అంటారు, ఇంగ్లిషులో పోలరైజేషన్. పంపేవాడిది నిలువూ, అందుకునేవాడిది అడ్డమూ అయితే పేచీ వస్తుంది. నేరుగా ప్రయాణించే వీహెచ్ఎఫ్ తరంగాల్లో అయితే, అందాల్సిన శక్తిలో నూరోవంతు కూడా అందకపోవచ్చు.

మాస్టారు వాడేది 7 మెగాహెర్ట్జ్ దగ్గరి షార్ట్‌వేవ్. దాని కథ వేరు. ఆ తరంగం పైకెళ్లి, సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనోస్ఫియర్ పొరకు తగిలి తిరిగొస్తుంది. ఆ పొరలో భూమి అయస్కాంతత్వం దాని ధ్రువణాన్ని మెలి తిప్పేస్తుంది. అయస్కాంతానికి ఈ శక్తి ఉందని మైకేల్ ఫారడే 1845లోనే గాజుముక్కలోంచి కాంతిని పంపి చూపించాడు. అలా ఆకాశానికి వెళ్లొచ్చిన తరంగానికి అడ్డం, నిలువు పట్టింపులుండవు. గొంతు ఉన్నట్టుండి సన్నబడి మళ్లీ పుంజుకోవడానికి ఈ మెలిక కూడా ఒక కారణమట.

‘‘పట్టింపు లేనప్పుడు ఒక నిలువు కడ్డీ పాతేస్తే పోయేదిగా? చీరల గొడవ ఉండదు’’ అన్నాను.

మాస్టారు నవ్వారు. వీధిలో ఇన్వర్టర్లూ మిక్సీలూ చవక చార్జర్లూ చేసే గోల నేలవెంట పాకుతూ వస్తుందనీ, అది ఎక్కువగా నిలువు ధ్రువణంలో ఉంటుందనీ, అడ్డం తీగకు ఆ రొద తక్కువనీ చెప్పారు. అయితే అసలు కారణం అది కాదు. నిలువు కడ్డీ తరంగాన్ని దిగంతాల వైపు విసురుతుంది. అది పైపొరకు తగిలి ఎక్కడో దూరాన దిగుతుంది. ‘‘సింగపూర్ వినిపిస్తుంది, సూర్యాపేట వినిపించదు!’’ అన్నారు. తీగను అడ్డంగా, తక్కువ ఎత్తులో చుట్టూ తిప్పి కడితే శక్తిలో ఎక్కువ భాగం నెత్తిమీదికి పోతుంది. 7 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 42 మీటర్లు. అందులో నాలుగోవంతు, అంటే 35 అడుగులకు మించకపోతే చాలు. తోటలో ఫౌంటెన్ నీళ్లు పైకెగిరి చుట్టూ పడ్డట్టు, మూడు నాలుగొందల కిలోమీటర్ల మేర ఆ మాట కురుస్తుంది.

కొలత సులువే. 1005ను మెగాహెర్ట్జ్ అంకెతో భాగిస్తే తీగ పొడవు అడుగుల్లో వస్తుంది. 7.1కి 141 అడుగుల చిల్లర. చదరంగా వంచితే వైపుకు 35 అడుగులు. ఆ డాబాకు కొలిచి చేసినట్టు సరిపోయింది. ఇదే చదరాన్ని గోడలా నిలబెడితే మాత్రం ఓ తమాషా ఉంది. కేబుల్‌ను కింది తీగ మధ్యలో కలిపితే ధ్రువణం అడ్డం, పక్క తీగ మధ్యలో కలిపితే నిలువు!

ఇంతకీ ఆయనకు సింగపూర్ చాలదా? సూర్యాపేట ఎందుకు?

ఆయనది అవనిగడ్డ. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఆయన హైదరాబాద్‌లో చదువుకుంటున్నారు. ఊరితో సంబంధం తెగిపోయింది. అమ్మానాన్నలు బతికున్నారో లేదో నాలుగు రోజులదాకా తెలియలేదు. వాళ్లు బతికారు, చిన్నాన్న ఇంట్లో ముగ్గురు లేరు. ‘‘హైదరాబాద్‌కీ అవనిగడ్డకీ ఆకాశంలో గీత గీస్తే 300 కిలోమీటర్లు. వీహెచ్ఎఫ్ అంత దూరం అందుకోదు. షార్ట్‌వేవ్‌ని నిలువు కడ్డీతో పంపితే నెత్తిమీంచి దాటిపోతుంది. అందుకే ఈ చదరం’’ అన్నారు. ఆ ముక్క చెప్పేటప్పుడు మాత్రం పాఠం గొంతు కాదది.

ఇప్పుడు సెల్‌ఫోన్లున్నాయి కదా అనకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో అవీ మూగబోయాయి. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్‌ను కొట్టినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ అనే హామ్ తన రేడియోతోనే బయటి ప్రపంచానికి క్షేమసమాచారాలు చేరవేశారు.

మొన్న కార్తీకంలో ఓ వాన రోజు మాస్టారు నన్ను పిలిచి హెడ్‌ఫోన్స్ పెట్టారు. గరగరల మధ్య మచిలీపట్నం హామ్ ఒకాయన... ‘‘ఇక్కడ గాలి లేదండీ, జల్లు మాత్రం పడుతోంది’’ అంటున్నారు. మాస్టారు ఆ మాటను టైముతో సహా పుస్తకంలో రాసుకున్నారు.

అన్నట్టు, మాట్లాడుతున్నప్పుడు ఆ తీగ ముట్టుకుంటే చెయ్యి కాలుతుందట. అందుకని గడల్ని గట్టిగా బిగించి, తీగను చెయ్యందనంత పైకి లాగారు. దాని కింద అద్దెకున్నావిడ కోసం ఆయనే ఓ నైలాన్ దండెం కట్టారు.