తొలి కోత - మలి సంతానము

తల్లికో బిడ్డకో ప్రాణాపాయము సంభవించినపుడు వైద్యుడు చేయు సిజేరియను శస్త్రచికిత్స మహోపకారము. దానిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని ఆపద్ధర్మము నిత్యకృత్యమైనపుడు దాని ఫలములను విచారింపక తీరదు. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి తెలంగాణమున నూటికి 60.7 కాన్పులు కోతవలననే జరిగినవి. యావద్భారతమున నట్టివి 21.5 మాత్రమే. మన ప్రైవేటు ఆసుపత్రులలో నీ లెక్క 81.5, సర్కారు దవాఖానాలలో సైతము 44.5. జనసమూహమును మొత్తముగా జూచినచో, కోతలు నూటికి 10ని మించుటవలన తల్లుల మరణములుగాని శిశుమరణములుగాని తగ్గుట కానరాదని ప్రపంచారోగ్యసంస్థ 2015లో ప్రకటించినది.

ఈ కోతవలన గలుగు మరియొక చిక్కు జనులలో పెక్కండ్రకు తెలియదు. గర్భాశయమునకు వేసిన కుట్టు కొందరిలో సరిగా మానక, లోపలివైపున చిన్న గుంటగా నిలిచిపోవును. వైద్యులు దీనిని ఇస్త్మోసీలు అందురు. ముట్టు రక్తము అందు నిలిచి, ముట్టు ఆగిన పిమ్మటను కొన్నాళ్లు చుక్కలుగా కనబడుచుండును. ఆ ద్రవము గర్భాశయములో జేరి పిండము నాటుకొనుటకు అడ్డుపడవచ్చును. ఒక్కొక్కప్పుడు పిండము ఆ మచ్చయందే నాటుకొని తల్లి ప్రాణమునకే ముప్పు దెచ్చును.

ఇట్టి యిల్లాలిని లోకము గొడ్రాలనజాలదు. అయినను దోషమామెదే యనును. మొక్కులతో, తాయెత్తులతో నేండ్లు గడచును. యోనిద్వారా చేయు స్కానుతో నీ గుంట కనబడును. గుంటకు వెలుపల మిగిలిన కండరము సుమారు 3 మిల్లీమీటర్లయినను ఉన్నచో, గర్భాశయములోనికి సన్నని దుర్భిణి నంపి అంచులను సరిచేయుదురు. అంతకంటె పలుచనైనచో, పొట్టకు చిన్న రంధ్రములు చేసి, చెడిన భాగమును తొలగించి తిరిగి కుట్టుదురు. బాధ కలిగింపని గుంట జోలికి పోనక్కరలేదు. చికిత్సానంతరము గర్భము నిలుచునని యెవరును పూచీపడజాలరు. భర్తకును పరీక్ష జరుగవలయును. ఇతర కారణములు లేవని తేలవలయును. లేనిచో నొక కోత చేసిన చిక్కు రెండవ కోతకు బేరమగును.

2016లో మండలమైన మాడుగులపల్లి వంటి చోటి యాడుబిడ్డ యిందులకు హైదరాబాదు దాక పరుగులిడుట న్యాయమా? నల్లగొండ, సూర్యాపేటలయందు 2019లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. ఈ పరీక్షయు, ఈ చికిత్సయు అచటనే పేదలకు ఉచితముగా లభింపవలయును. ప్రతి కోతకును గల కారణమును ఆసుపత్రి వ్రాసి తల్లి చేతి కీయవలయును. సహజప్రసవము చేయింపగల మంత్రసానులను శిక్షణ నిచ్చి నియమింపవలయును.

ప్రభుత్వమునే యనిన జాలదు. జాతకము జూపించి, ముహూర్తము పెట్టించి కోత కోరు గృహస్థులు మనలోనే యున్నారు. పంచాంగము జూచి తల్లి కడుపు కోయించుట ధర్మము కాదు. తల్లుల దేహమును లెక్కసేయని జాతికి అభ్యుదయ మెక్కడిది? చదువరులారా, మీ యింట కాన్పు వచ్చినపుడు, కోత యేల యని వైద్యుని వినయముగ నడుగుడు. ఆ ప్రశ్న మీ హక్కు. మీ కుమార్తెకు రక్ష.