వేడి చేసిందనుకున్నాం

మా నాన్నకు కిడ్నీలో రాళ్లు వచ్చినప్పుడల్లా ‘పల్నాడు ఎండలు కదా, వేడి చేసింది’ అనేవారు ఇంట్లో. దోహా వచ్చాక నాకూ రెండుసార్లు రాళ్లు వచ్చాయి. గల్ఫ్ ఎండలు, నీళ్లు సరిగా తాగడం లేదు అనుకుని, బార్లీ నీళ్లు తాగి మళ్లీ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు కలగలేదు. ఊరి నుంచి ఫోన్ వస్తే ‘ఏమైనా విశేషమా?’ అన్న ప్రశ్న నా భార్యకే. స్కాన్‌లు, మందులు, మొక్కులు కూడా ఆమెకే. నాకేం సమస్య ఉంటుందిలే అని నా ధీమా. చివరికి ఇక్కడి డాక్టరు నాకూ రక్తపరీక్షలు రాశారు. ప్రొలాక్టిన్, కాల్షియం ఎక్కువ, టెస్టోస్టెరాన్ తక్కువ. ఎమ్మారైలో పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ కనిపించింది. ‘మీ కుటుంబంలో ఇంకెవరికైనా రాళ్లు, గ్రంథుల్లో గడ్డలు ఉన్నాయా?’ అని అడిగారు.

నాన్నకు ఫోన్ చేస్తే కాసేపు మాట్లాడలేదు. మా మేనత్తకు పెళ్లికి ముందే తలలో గడ్డకు ఆపరేషన్ జరిగిందట. సంబంధాలు తప్పిపోతాయని ఎవరూ నోరు మెదపలేదు. ఇక నాన్న రక్తంలో కాల్షియం ఎంతుందో ఏనాడూ ఎవరూ చూడలేదు.

జన్యు పరీక్షలో తేలిన జబ్బు పేరు మల్టిపుల్ ఎండోక్రైన్ నియోప్లాసియా టైప్ 1. ఇది వంశంలో నడుస్తుందని 1954లో డాక్టర్ పాల్ వెర్మర్ రాశారు. దానికి కారణమైన జన్యువు 1997లో దొరికింది. అరుదైన జబ్బే. కానీ తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, వచ్చే అవకాశం 50 శాతం. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు అదుపు తప్పి కాల్షియం పెరుగుతుంది, రాళ్లు వస్తాయి. ప్రొలాక్టిన్ పెరిగితే వృషణాలకు మెదడు నుంచి అందాల్సిన సంకేతాలు తగ్గి, వీర్యకణాలు తగ్గిపోతాయి. చాలామందికి ఈ ప్రొలాక్టిన్ గడ్డ క్యాబర్‌గోలిన్ మాత్రలతోనే అదుపులోకి వస్తుంది. నాకూ అలాగే వచ్చింది. ఇప్పుడు మా పాపకు ఆరేళ్లు.

రాళ్లు వచ్చిన ప్రతివారికీ ఈ జబ్బు ఉండదు. కానీ రాళ్లు మళ్లీ మళ్లీ వస్తుంటే ఒకసారి కాల్షియం చూపించుకోండి. ఏడాది ప్రయత్నించినా పిల్లలు కలగకపోతే ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది.

ఖతర్‌లో పెళ్లికి ముందు వైద్య పరీక్షలు 2009 నుంచి తప్పనిసరి. మనం గోత్రం అడుగుతాం, జాతకం చూస్తాం, జబ్బు మాత్రం దాస్తాం. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి విషయం చెబితే, ‘బయట అనకు అన్నయ్యా, రేపు పిల్లల పెళ్లిళ్లున్నాయి’ అన్నాడు. మా మేనత్త విషయంలోనూ ఇదే మాట అని ఉంటారు. ఆ మౌనానికి నా భార్య నాలుగేళ్లు మాటలు పడింది. మా పాపకు కూడా పరీక్ష చేయిస్తున్నాం. ఫలితం ఏదైనా, తనకు అర్థమయ్యే వయసు రాగానే మేమే చెబుతాం.