లప్పంతో గోడ సాపు కాదు

భిలాయి టౌన్‌షిప్‌లో పాత క్వార్టర్ గోడకు చీకటి పడ్డాక ఓ టార్చిలైటు ఆనించి, వెలుతురు గోడ వెంబడే పారేలా పట్టి చూడాలి. పగలు నున్నగా కనిపించిన గోడ మీద గుంటలు, ఉబ్బులు, తాపీ ఆగిన జాడలు, ఎప్పుడో వైర్ల కోసం కొట్టి పూడ్చిన గాడులు అన్నీ బయటపడతాయి. పెయింటర్‌ను పిలిస్తే ఒకటే మాట: ‘ఇంకో కోటు లప్పం లాగేద్దాం సార్!’

ఇక్కడే జనం డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ఈ గోడల వయసు తక్కువేం కాదు. సోవియట్ సహకారంతో ఉక్కు కర్మాగారం కట్టే ఒప్పందం కుదిరింది 1955 ఫిబ్రవరి 2న. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఫర్నేస్‌తో పాటే సెక్టార్లూ లేచాయి. అప్పటి నుంచి సున్నం మీద సున్నం, దాని మీద డిస్టెంపర్, ఆపైన ఎవరికి తోచిన రంగు వాళ్లు వేస్తూ వచ్చారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు రిటైరయ్యాక లీజు క్వార్టర్‌కో, సొంతింటికో మెరుగులు దిద్దుకుంటాయి. పిల్లల పెళ్లి దగ్గర పడితే ఆ పని మరీ హడావుడిగా సాగుతుంది.

లప్పం పని గోడను నున్నగా చేయడమే, వంకర తీయడం కాదు. వైట్ సిమెంట్ లప్పం రెండు కోట్లూ కలిపి 1.5 మిల్లీమీటర్లు దాటకూడదని చాలా కంపెనీలు చెబుతాయి. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గోడలో పల్లం సగటున 5 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. అది పూడాలంటే దాదాపు 46 లీటర్ల మసాలా పట్టాలి. లప్పంతో 14 లీటర్లు దాటి వేయకూడదు. దాటి మెత్తితే కొన్నాళ్లకు పగుళ్లిచ్చి పెచ్చులూడుతుంది. పాత సున్నం గీకకుండా పూస్తే ఇంకా ముందే ఊడుతుంది. పాపం మేస్త్రీది, తిట్లు పెయింటర్‌కి!

అసలు మందు ప్లాస్టరింగ్ దగ్గరే ఉంది. కేంద్ర ప్రజాపనుల శాఖ నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. గోడంతా రెండు మీటర్లకు మించని ఎడంతో 15 సెంటీమీటర్ల చదరపు గుర్తులు ముందుగా పెట్టాలి. వాటి మట్టానికే మసాలా నింపాలి. పని జరుగుతుండగానే కనీసం 2.5 మీటర్ల బద్దతో, తూకం గుండుతో పదేపదే చూసుకోవాలి. ఇళ్ల పనుల్లో ఆ గుర్తులు పెట్టేదెందరు? చదరపు అడుగు లెక్కన కూలి కట్టే చోట బద్ద పెట్టి చూసే ప్రతి నిమిషం మేస్త్రీకి నష్టమే. అందుకే తప్పంతా అతని మీదే తోసేయడం న్యాయం కాదు, బేరంలోనే లోపముంది.

పాత గోడకైతే ముందు తట్టి చూడాలి. డొల్ల మోత వచ్చిన చోట ప్లాస్టర్ ఇటుకను వదిలేసినట్టే. అక్కడ పూత పనికిరాదు, ఇటుక దాకా చెక్కేయాలి. గట్టిగా ఉన్న చోట సున్నం, రంగు గీకి, గాట్లు కొట్టి, తడిపి, సిమెంటు మసాలాతో పల్లం నింపాలి. లోతు ఎక్కువైతే ఒకేసారి కుమ్మరించకుండా రెండు పొరలుగా వేయాలి. తర్వాత కనీసం ఏడు రోజులు నీళ్లు కొట్టాలి. భిలాయి చుట్టుపక్కల బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్‌తో చేసే సిమెంటు వాడకం ఎక్కువ. అది నిదానంగా బలం పుంజుకునే రకం. పైగా మే నెల ఎండ తేమను పీల్చేస్తుంది. మూడో రోజే నీళ్లు ఆపేసి రంగుకు తొందరపడితే గోడ పొడి రాలుతుంది. చెమ్మ ఎక్కే గోడకు జిప్సం అసలే వద్దు, ముందు నీరు ఎటు నుంచి వస్తోందో కనుక్కోవాలి.

అయితే ప్రతి గోడనూ చెక్కి సాపు చేయాల్సిన పనీ లేదు. టైల్స్ అంటించే చోట, వంటింటి గట్టు వెనక, బీరువాలు బిగించే మూలలో గోడ నిటారుగా ఉండి తీరాలి, లేదంటే వడ్రంగి సందులు పూడ్చలేక చస్తాడు. పడకగది గోడ 4 మిల్లీమీటర్లు వంకరైతే కొంపలేం మునగవు. అక్కడ మెరుపు రంగు మానేసి మ్యాట్ రంగు వేసి, గోడ పక్కనుంచి పారే ఎల్ఈడీ పట్టీలు పెట్టకుంటే చాలు, సగం లోపం కంటికే ఆనదు.

మిగతా గోడల విషయంలో మాత్రం బేరం కుదిరిన రోజే చీటీ మీద ఒక్క షరతు రాయించుకోండి: 2.5 మీటర్ల బద్ద పెట్టి, టార్చి వేసి చూశాకే చివరి వాయిదా డబ్బు.